పదిహేను వాటాల వేడి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే ఐసు మర చప్పుడు మొదలవుతుంది. దిమ్మలుగా వచ్చిన ఐసు పొడి అవుతుంది, పారలతో గంపల్లోకి, గంపల నుంచి వంజరాల మీదికి, రొయ్యల మీదికి చేరుతుంది. ఐసు నింపుకోని బోటు వేటకు కదలదు. ఐసు చాలకపోతే ఎంత మంచి చేపకైనా వేలంలో ధర పలకదు. ఊళ్ళో ఇళ్ళ సంగతీ దాదాపు అంతే. ఇది కూలర్లతో గడిచే ఊరు కాదు. పొడి గాలి వీచే చోట తడి మెత్తల మీదుగా వచ్చిన గాలి చల్లబడుతుంది కానీ, సముద్రపు తేమతో బరువెక్కిన గాలి నీటిని పెద్దగా ఆవిరి చేయలేదు. అందుకే ఇక్కడి ఉక్కపోతకు కాస్త స్తోమత ఉన్న ఇంట్లో జవాబు ఏసీయే.

ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా ఉంటుంది, ఇంటి ఏసీలో ఫ్లోరిన్ కలిసిన వాయువు ఉంటుంది. రెండు చోట్లా పని మాత్రం ఒకటే: వాయువును నొక్కి ద్రవంగా మార్చడం, మళ్ళీ ఆవిరి కానివ్వడం. చాలా ఏసీల్లో వాడిన ఆర్-410ఏ అనే వాయువు గాలిలోకి తప్పించుకుంటే, నూరేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 2,088 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇలాంటి వాయువుల వాడకం తగ్గించుకుంటూ పోవాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. వాయువు అన్నదే లేకుండా చల్లదనం పుట్టించే దారులు వెతకడం ఆ తరువాత జోరందుకుంది. ఆ దారుల్లో ఒకటి వోల్టేజీ పెడితే వేడెక్కి, తీసేస్తే చల్లబడే స్ఫటికాలది. ఆ వేడి, ఆ చలువ ఎన్ని డిగ్రీలో కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతి ఈ వ్యాసం విషయం. ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. అది అర్థమైతేనే పరిశోధన పత్రాల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెలను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ముందుగా చేతిలో చేసి చూసుకోగలిగిన ప్రయోగం ఒకటి. పచారీ కొట్టులో పొట్లానికి చుట్టే రబ్బరు బ్యాండును, వెడల్పుగా ఉన్నదాన్ని, చటుక్కున సాగదీసి పై పెదవికి ఆనిస్తే గోరువెచ్చగా తగులుతుంది. సాగదీసినట్టే పట్టుకుని అర నిమిషం ఆగి, ఒక్కసారి వదులు చేసి మళ్ళీ పెదవికి ఆనిస్తే చల్లగా ఉంటుంది. రబ్బరులో చిందరవందరగా చుట్టుకుని ఉన్న గొలుసు అణువులు సాగదీస్తే ఒక వరుసలోకి వస్తాయి. అమరికలో చిందరవందర తగ్గింది కాబట్టి, బయటికి వేడి పోయే వ్యవధి లేనప్పుడు, ఆ లోటు అణువుల కదలికలో తీరుతుంది. అంటే వేడెక్కుతుంది. వదిలేస్తే అంతా తలకిందులు. ఇంటర్మీడియట్ పుస్తకంలో స్థిరోష్ణక ప్రక్రియ అని చదివేది ఇదే. చిందరవందరకు కొలత అయిన ఎంట్రోపీ మొత్తం మీద మారదు, ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మారుతుంది.

ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికం అంటే తనంతట తానే ఒక ధన కొస, ఒక రుణ కొస ఏర్పరచుకునేది. అందులో లాగే చేయి విద్యుత్ క్షేత్రానిది. వీటిలో బాగా పేరున్న పాత కాపు బేరియం టైటనేట్. ఇది ఆంధ్రకు మరీ పరాయిదేమీ కాదు. బేరియం ఇచ్చే ముగ్గురాయికి రాయలసీమలోని మంగంపేట ప్రపంచంలోనే పేరున్న గని. టైటానియం ఇచ్చే ఇల్మనైట్ భీమిలి తీరపు నల్ల ఇసుకలో ఉంది. జగదాంబ దగ్గర ఏ మొబైల్ రిపేరు కొట్టులోనైనా విప్పిన ఫోను బోర్డును భూతద్దం కింద చూస్తే, ఇసుక రేణువుల్లా గోధుమ రంగు ముక్కలు వందల్లో కనిపిస్తాయి. రెండు చివరలా వెండిలా మెరిసే ఆ ముక్కలు కెపాసిటర్లు. చాలావాటి లోపల పొరలు పొరలుగా ఉన్నది బేరియం టైటనేటే.

దీని యూనిట్ సెల్, అంటే స్ఫటికమంతా పదే పదే వచ్చే అతి చిన్న భాగం, ఒక చిన్న పెట్టె లాంటిది. పక్క కొలత సుమారు 4 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రాము మిల్లీమీటరులో కోటో వంతు). మూలల్లో బేరియం, ముఖాల నడుమ ఆక్సిజన్, సరిగ్గా మధ్యలో టైటానియం. 120 డిగ్రీల సెల్సియస్ పైన టైటానియం సగటున మధ్యలోనే ఉంటుంది. ఆ కిందికి దిగితే ఆంగ్‌స్ట్రాములో పదో వంతు మాత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ కాస్త ఒరుగుతోనే పెట్టెకు ఒక ధన కొస, ఒక రుణ కొస ఏర్పడతాయి. అంటే ద్విధ్రువం అవుతుంది. పక్క పెట్టెలూ అదే దిక్కుకు ఒరిగితే స్ఫటికం మొత్తానికి ధ్రువణం వస్తుంది. 120 డిగ్రీలకు కొంచెం పైన, ద్విధ్రువాలు ఎటు పడితే అటు ఊగిసలాడుతున్న సమయంలో, క్షేత్రం పెడితే అవన్నీ ఒక దిక్కుకు మళ్ళుతాయి. రబ్బరులో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. స్ఫటికం వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి పంపేసి క్షేత్రం తీసేస్తే మొదటి కంటే చల్లబడుతుంది.

ఈ గుణాన్ని 1930లో రోషెల్ ఉప్పులో చూసినవారు సోవియట్ శాస్త్రవేత్తలు కోబెకో, కుర్చాతోవ్. తరువాతి కాలంలో సోవియట్ అణుబాంబు పథకాన్ని నడిపిన కుర్చాతోవ్ ఈయనే. అప్పట్లో దొరికిన మార్పు ఎంత స్వల్పమంటే డెబ్బయ్యేళ్ళకు పైగా చాలామందికి ఇది ఫ్రిజ్ సరుకుగా కనిపించలేదు. 2006లో పరిస్థితి మారింది. సీసం, జర్కోనియం, టైటానియం కలిసిన 350 నానోమీటర్ల పలుచటి పొరకు 25 వోల్టులు పెడితే 226 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 డిగ్రీల మార్పు వస్తుందని మిశ్చెంకో, మాథుర్ బృందం ప్రకటించింది. 25 వోల్టులు అంటే చిన్నదిగానే ఉంటుంది. అంత పలుచటి పొర మీద అది సెంటీమీటరుకు 700 కిలోవోల్టుల పైమాట. పొడి గాలి సెంటీమీటరుకు 30 కిలోవోల్టుల దగ్గరే తట్టుకోలేక మెరుపు కొడుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ 12 డిగ్రీలను ఎవరూ థర్మామీటరుతో కొలవలేదు. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర ధ్రువణం ఎంతుందో కొలిచి, మాక్స్‌వెల్ సంబంధంలో వేసి రాబట్టారు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ధ్రువణం ఎంత నిటారుగా పడిపోతుందో, క్షేత్రంతో అంతగా ఎంట్రోపీ మారుతుందని ఆ సంబంధం చెబుతుంది. సూత్రంలో తప్పు లేదు. కానీ ధ్రువణం జారుతూ తగ్గకుండా ఒక్క దూకులో పడిపోయే పదార్థాల్లో, కొలిచే వ్యవధిలో సమతాస్థితికి చేరని రిలాక్సర్లు అనే రకం ఫెర్రోఎలక్ట్రిక్‌లలో ఆ దారి తప్పుదోవ పట్టిస్తుంది. పొర పలుచగా ఉంటే నేరుగా కొలవడమూ కష్టమే. పొర కింద దానికి వేల రెట్లు మందమున్న ఆధారపు పలక ఉంటుంది, పుట్టిన వేడిని అది క్షణంలో మింగేస్తుంది. పరోక్ష లెక్కను నమ్మలేక, నేరుగా కొలవలేక ఉన్న ఈ ఇరుకులో కంప్యూటర్ అనుకరణకు నిజమైన పని దొరికింది.

అణువణువునూ క్వాంటమ్ సూత్రాలతో కదిలిస్తూ ఈ లెక్క చేయడం కుదరదు. కొన్ని వందల పరమాణువులకే పెద్ద యంత్రాలు కావాలి. ప్రావస్థా పరివర్తన, అంటే స్ఫటికం ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారడం, కనబడాలంటే వేల పెట్టెలు ఉండాలి. 1990ల మధ్యలో జాంగ్, వాండర్‌బిల్ట్, రేబ్ ఒక దారి వేశారు. పెట్టెలోని అయిదు పరమాణువుల కదలికలన్నీ కాకుండా, ముఖ్యమైన ఒరుగును మాత్రమే పట్టుకుందాం అన్నారు. పెట్టెకొక బాణం. ఆ బాణం పొడవు, దిక్కు ఎంత ఒరిగిందో, ఎటు ఒరిగిందో చెబుతాయి. బాణం ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత శక్తి, పక్క బాణంతో ఎంత, దూరపు బాణాలతో ఎంత, స్ఫటికం సాగితే ఎంత అన్న గుణకాలన్నీ క్వాంటమ్ లెక్కలతో ముందే రాబట్టి సూత్రంలో పెట్టేస్తారు. ప్రయోగం నుంచి అరువు తెచ్చుకున్న అంకె దాదాపు ఉండదు.

ఈ సూత్రంలో ఏ పదాలు ఉండవచ్చో, ఏవి ఉండకూడదో తేల్చేది స్ఫటికపు సౌష్ఠవం. ఘనాకారపు పెట్టెను ఎటు తిప్పినా శక్తి మారకూడదు అన్న ఒక్క షరతుతో వందల గుణకాలు రాలిపోయి పాతికలోపు మిగులుతాయి. స్ఫటికాల భౌతిక గుణాలను సౌష్ఠవంతో, దాని గణితమైన గ్రూపు సిద్ధాంతంతో తేల్చే విద్యలో వాల్తేరుకు పెద్ద పేరుంది. 1930ల్లో, 40ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, ఆయన తోటి టి. వెంకటరాయుడు చేసిన పని అదే. కాగితం మీద జరిగే అలాంటి ఏరివేత లేకపోతే ఇప్పటి అనుకరణ కోడ్ ఒక్క అడుగు ముందుకు పడదు. ఈ సంగతి ఇక్కడి ఎంఎస్సీ తరగతుల్లో ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

బాణాల మధ్య బలాలకు మాత్రం దగ్గరి దారి లేదు. రెండు ద్విధ్రువాల మధ్య శక్తి దూరపు ఘనంతో తగ్గుతుంది. తగ్గుతుంది కదా అని ఒక హద్దు పెట్టి కోసేస్తే జవాబే మారిపోతుంది. ఒక్కో పక్కకు 96 పెట్టెలు పెడితే మొత్తం 8,84,736 బాణాలు. జతలు లెక్కపెడితే 39 వేల కోట్లు దాటుతాయి. ప్రతి అడుగులోనూ అన్నిటినీ కూడుతూ కూర్చుంటే పని తెమలదు. అందుకే ఫూరియే పరివర్తన వాడతారు. అలల భాషలోకి మార్చితే ఆ కూడిక చాలావరకు గుణకారంగా మారిపోతుంది. నిషిమత్సు రాసిన ఫెరామ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పద్ధతి మీదే నడుస్తుంది. చిన్న పెట్టెలతో అయితే మామూలు కంప్యూటర్ మీదే నడపవచ్చు.

నడిచే తీరు ఇలా ఉంటుంది. మద్దిలపాలెంలో ఏ అద్దె గదిలోనో ఒక విద్యార్థి పక్కకు 16 పెట్టెల చొప్పున 4,096 పెట్టెలు తీసుకుంటాడు. క్షేత్రం పెట్టి, ఉష్ణోగ్రతను 400 కెల్విన్ల దగ్గర కట్టేసి, రెండేసి ఫెమ్టో సెకన్ల అడుగులతో లక్ష అడుగులు వేయిస్తాడు. లక్ష అడుగులు కలిపితే సెకనులో 500 కోట్ల వంతు మాత్రమే. తెర మీద వరుసలు జారుతుంటాయి: అడుగు సంఖ్య, గతిశక్తి, బాణాల సగటుకు మూడు దిక్కుల్లో మూడు అంకెలు. క్షేత్రం దిక్కున ఉన్న అంకె పెద్దదై నిలబడుతుంది, మిగతా రెండూ సున్నా చుట్టూ తచ్చాడుతుంటాయి. అప్పుడు ఉష్ణోగ్రతను కట్టేసిన ముడి విప్పేస్తాడు. ఇక బయటి నుంచి వేడి రాదు, బయటికి పోదు. అదే క్షణంలో క్షేత్రాన్ని సున్నా చేస్తాడు. నిలబడ్డ అంకె కూలిపోతుంది, గతిశక్తి వరుస దిగజారి కొత్త మట్టం దగ్గర ఆగుతుంది. ఆ మట్టానికి తగిన ఉష్ణోగ్రత 350 వచ్చిందనుకుందాం. మాక్స్‌వెల్ సంబంధం ఊసు లేకుండా, నేరుగా, 50 డిగ్రీల చల్లదనం.

మెలిక ఇక్కడే ఉంది. ఆ 50 డిగ్రీలు నిజం కావు.

ఉమ్మడి ఆస్తిని పంచేటప్పుడు పదిహేను మంది వారసులుంటే, పన్నెండు మందిని పత్రంలో రాయకుండా ముగ్గురికే పంచితే ఒక్కొక్కరి వాటా అయిదింతలు అవుతుంది. ఆస్తి పెరగలేదు, పంచుకునేవారు తగ్గారు. అసలు స్ఫటికంలో ఒక్కో పెట్టెలో అయిదు పరమాణువులు, ఒక్కోదానికి కదలడానికి మూడు దిక్కులు. మొత్తం పదిహేను కదలికలు వేడిని పంచుకుంటాయి. అనుకరణలో పెట్టెకొక బాణం, ఆ బాణానికి మూడు దిక్కులు. మూడే వాటాలు. క్షేత్రం తీసేసినప్పుడు బాణాలు చెదరడానికి కావలసిన శక్తిని అసలు స్ఫటికంలో పదిహేను కదలికలూ తలా కాస్త ఇస్తాయి. అనుకరణలో ఆ భారమంతా మూడింటి మీదే పడుతుంది. కాబట్టి వచ్చిన అంకెను పదిహేనింట మూడుతో, అంటే అయిదో వంతుతో, గుణించాలి. 50 డిగ్రీలు 10 డిగ్రీలవుతాయి. నిషిమత్సు బృందం 2013లో బేరియం టైటనేట్ మీద నేరుగా చేసిన అనుకరణలో ఈ దిద్దుబాటును దాచకుండా చెప్పింది. అలా చెప్పని పత్రం చేతికొస్తే మొదట చూడాల్సింది ఎన్ని వాటాలు ఉంచారు, ఎన్ని వదిలేశారు అన్నదే. బాణంతో పాటు పెట్టె జరుగుడునూ కదలనిచ్చే పద్ధతిలో వాటాలు ఆరు. అప్పుడు గుణకం వేరు.

అయిదో వంతు కూడా చివరి మాట కాదు. పదిహేను వాటాలూ సమానమనుకుంటే ఒక మోలు బేరియం టైటనేట్ ఉష్ణధారణ, అంటే అది ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి, సుమారు 125 జౌళ్ళు ఉండాలి. గది ఉష్ణోగ్రత దగ్గర కొలిస్తే వచ్చేది 102 దరిదాపుల్లోనే. తేలికైన ఆక్సిజన్ పరమాణువుల వేగమైన కంపనాలు ఆ ఉష్ణోగ్రతకు పూర్తిగా మేలుకోవు, క్వాంటమ్ నియమం వాటిని సగం నిద్రలోనే ఉంచుతుంది. కొందరు వారసులు తమ వాటా పూర్తిగా పుచ్చుకోరన్నమాట. ఆ లెక్కన మూడు వాటాల 25 జౌళ్ళను 102తో భాగిస్తే గుణకం అయిదో వంతు కాదు, నాలుగో వంతుకు దగ్గరవుతుంది. 10 డిగ్రీలు అన్నచోట 12 రావచ్చు. ఒక్క గుణకం విషయంలో ఇంత తేడా ఉన్నప్పుడు, అనుకరణ ఫలితాన్ని దశాంశ స్థానాలతో ప్రకటించడంలో అర్థం లేదు.

చిన్న పెట్టెల సమూహంలో ఇంకో ఇబ్బంది దడ. 4,096 బాణాల గతిశక్తి నుంచి తీసిన ఉష్ణోగ్రత 400 కెల్విన్ల దగ్గర ఏ క్షణానికి ఆ క్షణం నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. వెతుకుతున్న మార్పు ఒక్క డిగ్రీ అయితే అది ఈ దడలో మునిగిపోతుంది. వేల అడుగుల సగటు తీసుకోక తప్పదు. పక్కకు 96 పెట్టెలు పెడితే దడ అర డిగ్రీ లోపుకు దిగుతుంది. పెద్ద యంత్రం ఆడంబరానికి కాదు, అంకె నిలకడ కోసం.

అన్నిటికంటే లోతైన చిక్కు గుణకాలది. బేరియం టైటనేట్ ఘనాకారం వదిలే ఉష్ణోగ్రత ప్రయోగంలో 400 కెల్విన్లకు కాస్త అటూ ఇటూ. 1990ల నాటి మొదటి అనుకరణలో అది 300 దగ్గర వచ్చింది. పెట్టె కొలతను క్వాంటమ్ లెక్క ఒక శాతం తక్కువగా చెబుతుంది, ఒరుగు ఎంత లోతైనదో ఆ కొలత మీదే ఆధారపడుతుంది. లెక్కలోనే కృత్రిమంగా రుణ పీడనం పెట్టి పెట్టెను సాగదీసిన తరువాత కూడా వచ్చిన అంకె ఆ 300. టైటానియం మధ్యలో ఉండడానికీ ఒరగడానికీ మధ్య శక్తి తేడా పెట్టెకు పదుల మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణ శక్తే 26. ఇంత పలుచటి తేడాలో చిన్న పొరపాటు జరిగినా వంద డిగ్రీలు కొట్టుకుపోతాయి. కాబట్టి అనుకరణ "330 కెల్విన్ల దగ్గర ఉష్ణోగ్రత మార్పుకు శిఖరం" అంటే దాన్ని అక్షరాలా తీసుకోకూడదు. శిఖరం పరివర్తనకు కాస్త పైన ఉంటుంది, క్షేత్రం పెంచేకొద్దీ ఇంకా పైకి జరుగుతూ వెడల్పవుతుంది అన్న ఆకారాన్ని నమ్మవచ్చు. ప్రయోగాలు ఆ ఆకారాన్నే చూపిస్తున్నాయి.

ఆకారంలో ఒక వింత కూడా బయటపడింది. స్ఫటికపు సొంత ధ్రువణం ఉన్న దిక్కుకు కాకుండా వేరే దిక్కుకు క్షేత్రం పెడితే, కొన్ని చోట్ల బాణాలు క్రమంలోకి రావడానికి బదులు తికమకపడతాయి, ఎంట్రోపీ పెరుగుతుంది. క్షేత్రం పెట్టినప్పుడే స్ఫటికం చల్లబడుతుంది. పక్క పక్క ద్విధ్రువాలు ఎదురెదురు దిక్కులకు ఒరిగే లెడ్ జర్కొనేట్ లాంటి యాంటీ ఫెర్రోఎలక్ట్రిక్‌లలోనూ ఈ ఎదురు ప్రవర్తన ఉంది. పెట్టేటప్పుడు ఒక చలువ, తీసేటప్పుడు ఇంకో చలువ ఒకే యంత్రంలో పిండుకునే వీలు ఇందులో ఉంది. వందల దిక్కులు, వందల ఉష్ణోగ్రతలు ప్రయోగశాలలో ఒక్కొక్కటే వెతకడం ఏళ్ళ పని. అనుకరణ విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. బేరియంలో సుమారు 30 శాతం తీసి స్ట్రాన్షియం పెడితే పరివర్తన 120 డిగ్రీల నుంచి విశాఖ ఎండాకాలపు గది దాకా దిగివస్తుంది. సీసం కలపకుండా ఇంత దగ్గరికి రావడం చిన్న విషయం కాదు. ఆ మిశ్రమంలో ఏ పాళ్ళు మేలో ముందు కంప్యూటర్లో చూసుకుని కొలిమి వెలిగించడం మంచిది.

తూకం సరిచూసుకోవడానికి నేరుగా కొలిచిన అంకెలు ఇప్పుడు ఉన్నాయి. 2013లో బేరియం టైటనేట్ ఏక స్ఫటికంలో సెంటీమీటరుకు 4 కిలోవోల్టులతోనే 0.9 డిగ్రీలు కొలిచారు. అంకె చిన్నదే, కానీ పెట్టిన క్షేత్రంతో భాగిస్తే 2006 నాటి 12 డిగ్రీలను మించిపోతుంది. అనుకరణల్లో తరచూ వాడే క్షేత్రాలు దీనికి ఎన్నో రెట్లు పెద్దవి. అంత పెడితే మామూలు ముక్క పగిలి కాలిపోతుంది. కంప్యూటర్లో స్ఫటికం ఎప్పటికీ కాలదు. అనుకరణ అంకె చదివేటప్పుడు పక్కన క్షేత్రం ఎంతో చూడకుండా సంతోషపడకూడదు అనేది అందుకే.

వాటాల గొడవ కంప్యూటర్ దాటాక కూడా తీరదు, తిరగబడుతుంది. అనుకరణలో వాటాదారులు తక్కువయ్యారు, యంత్రంలో ఎక్కువవుతారు. ఎలక్ట్రోడ్ల లోహం, క్షేత్రం తగలని అంచుల సిరామిక్, వేడిని మోసే నూనె, అన్నీ చలువలో పాలు అడుగుతాయి. అందుకే ఫోను కెపాసిటర్ల తరహాలో పొరల మీద పొరలు పేర్చిన ముక్కలే ఇప్పుడు ముందున్నాయి. సీసం, స్కాండియం, టాంటలం కలిసిన అలాంటి కెపాసిటర్లలో 2019లో గది ఉష్ణోగ్రత దగ్గర 5.5 డిగ్రీలు కొలిచారు. ఒక్కో పొర పదుల మైక్రాన్ల మందం. 96 పెట్టెల అనుకరణ సమూహం పక్క కొలత 38 నానోమీటర్లు. ఆ వెయ్యి రెట్ల మధ్యదూరంలో వేర్వేరు దిక్కుల ధ్రువణాలు కలిసే డొమైన్ గోడలు, రేణువుల సరిహద్దులు, లోపాలు ఉన్నాయి. అవేవీ శుద్ధమైన అనుకరణ స్ఫటికంలో ఉండవు.

2023లో లక్సెంబర్గ్ పరిశోధకులు ఆ ముక్కలనే వరుసలుగా పేర్చి, మధ్యలో ద్రవం నడిపి, రెండు కొసల మధ్య 20.9 డిగ్రీల తేడా తెచ్చారు. వారి ప్రయోగాల్లో దొరికిన అత్యధిక చల్లదనపు సామర్థ్యం 4.2 వాట్లు. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో నీళ్ళను గడ్డకట్టించాలంటే 334 కిలోజౌళ్ళు లాగేయాలి. 4.2 వాట్లతో లాగితే ఆ ఒక్క కిలో ఐసుకు 22 గంటలు పడుతుంది. హార్బర్‌లో ఒక మనిషి రెండు మూడు పారలతో గంపలోకి ఎత్తిపోసేది అంతకంటే ఎక్కువే ఉంటుంది.